నువ్వులు లేని వంటిల్లు

మా ఆయనకీ నాకూ దేశాలు తిరగడం అంటే కోటలూ మ్యూజియాలూ కాదు, వంటిళ్ళు. ఏడాదంతా ఆఫీసుల్లో దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారే వాడేసి, ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరింట్లోనో గది తీసుకుని, ఆ ఇంటావిడ ఏం వండితే అది తిని వస్తాం. అంత దూరం ఎగిరి వెళ్ళి వంకాయ కూర తినొచ్చారా అని శ్రీకాకుళంలో చుట్టాలు వెక్కిరిస్తారు. నిజంగానే ఒకసారి వంకాయ కూర తినే వచ్చాం.

అది జార్జియాలో. నల్ల సముద్రం పక్కన, కొండల మధ్య చిన్న దేశం. ఆ ఇంటావిడకి నా వయసే, యాభై దాటాయి. ఒక్కతే ఉంటుంది. ద్రాక్షతోట చూసుకుంటూ, వచ్చేపోయేవాళ్ళకి వండిపెడుతుంది. వంకాయని పొడుగ్గా కోసి వేయించి, అక్రోట్లు నూరిన ముద్ద మధ్యలో పెట్టి చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లి ఇచ్చింది. ఒక్క ముక్క తినేసరికి నాకు మా అత్త చేసే వంకాయ నువ్వుకారం గుర్తొచ్చింది. వాళ్ళకి అక్రోట్లు ఎలాగో మనకి నువ్వులు అలాగ అని తేలిపోయింది. వెంటనే సంబరంగా లేచి, సంచిలోంచి అత్త దంచి ఇచ్చిన చిమ్మిలి తీశాను. నువ్వులూ బెల్లమూ తప్ప అందులో ఇంకేమీ ఉండదు.

ఆవిడ అందుకోబోయి, ఏమిటని అడిగింది. చెప్పాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. నువ్వులు తనకి పడవట, కడుపులోకి వెళితే గొంతు మూసుకుపోతుందట. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే ఇంజెక్షన్ తీసి, తనకి ఊపిరి ఆడకపోతే తొడ మీద ఎలా పొడవాలో నాకు చూపించింది. అదేదో కాఫీ మిషన్ వాడకం చెప్పినంత తేలిగ్గా చెప్పి, మళ్ళీ నవ్వుతూ రొట్టె తుంచి నా కంచంలో వేసింది. నాకు మాత్రం ఆ రోజు ఇంకో ముద్ద దిగలేదు. అసలే నాకు కంగారు ఎక్కువ.

అలాంటిది, మొన్న చలికాలంలో ఆవిడే మెసేజ్ పెట్టింది. ఇండియా వస్తోందట. హోటల్లో కాదు, మీ ఇంట్లో ఉంటాను, మీరు తినేదే తింటాను అంది. నేను ఎగిరి గంతేశాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, అక్కడే కూలబడ్డాను.

మా వైపు వంట తెలిసినవాళ్ళకి నేనెందుకు కూలబడ్డానో చెప్పక్కర్లేదు. కూర దించే ముందు నువ్వుల పొడి. పప్పు మీద నువ్వుల నూనె. అరిసెల మీద నువ్వులు. గానుగలో నూనె పిండేశాక మిగిలిన తెలగపిండిని కూడా వదలం, ఆనపకాయతో కలిపి వండేస్తాం. డబ్బాల్లో, గరిటెల్లో, రోట్లో, చివరికి అత్త చీర కొంగుకి కూడా ఆ వాసనే.

అత్త అంటే నాకు మేనత్త కూడా. అందుకే మా మధ్య మీరూ గీరూ లేవు. సంగతి చెప్పాను.

"నువ్వులు నేకండా కూరేటే? దానికి రుసేటుంటాది?" అంది.

"రుచి సంగతి తర్వాత అత్తా. ఒక్క గింజ తిన్నా ఆవిడ ప్రాణం పోతుంది."

అత్త నా మొహంలోకి చూసింది. "పేనం పోతాదా? ఒక్క గింజకా?"

"ఒక్క గింజకే."

కాస్త ఎక్కువ చేసి చెప్పానేమో, కానీ అలా చెప్పకపోతే మా అత్త వినే మనిషి కాదు. అప్పటినుంచి ఇద్దరం కలిసి ఇల్లు కడగడం మొదలుపెట్టాం. నువ్వుల డబ్బాలు, నూనె సీసా, తెలగపిండి అన్నీ మూటగట్టి అటకెక్కించాం. రోలు వేడినీళ్ళతో కడిగాం. కొత్త మూకుడు, కొత్త గరిటెలు, పొద్దుతిరుగుడు నూనె కొన్నాను. ఆవిడకి వేరే కంచం, వేరే గ్లాసు, వేరే తువ్వాలు. మా ఆయన చూసి, వస్తున్నది చుట్టమా, అంటురోగమా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏదైనా జరిగితే పొడవాల్సింది నేను, ఆయన కాదు.

ఆవిడ వచ్చింది. అప్పటినుంచి నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. పనసపొట్టు ఆవ పెట్టి వండాను, చేపల పులుసు పెట్టాను, చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచాను. అన్నీ ఇష్టంగా తింది. తింటున్నంతసేపూ నేను ఆవిడ పెదాల వంకే చూస్తూ కూర్చునేదాన్ని. దగ్గితే ఇంజెక్షన్ కోసం లేచేదాన్ని. శ్రీకూర్మం తీసుకెళితే, గుళ్ళో ఎవరో పెద్దాయన ఆప్యాయంగా పులిహోర చేతిలో పెట్టాడు. నేను ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. ఆ పెద్దాయన మొహం చిన్నబోయింది. శృంగవరపుకోట సంతలో ఒకామె అనాసపండు ముక్క కోసి ఇవ్వబోతే, ఆ కత్తి ఇంకా దేనికి వాడతావని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అనాసపళ్ళకేనమ్మా, ఇంకేటికి వాడతాం?" అంది.

ఇంట్లో అత్త తీరు ఇంకో రకం. అందరికీ కొసరి కొసరి, ముద్ద కలిపి మరీ పెట్టే మనిషి, ఆవిడ దగ్గరికే వెళ్ళడం మానేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెలు నా చేతికి అందించేది. ఆవిడ నవ్వుతూ ఎదురొస్తే పక్కకి తప్పుకునేది. ఏమిటత్తా అంటే, "నా సేతులకి ఏటుందో ఏటో, నాకు బయ్యవే" అంది. మంచిదే, జాగ్రత్తగా ఉంది అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న నేను చేపలకి బజారుకు వెళ్ళాను. ఆవిడ ఇంకా నిద్ర లేవలేదు. వెళ్ళేముందు అత్తతో, నేను వచ్చేదాకా ఆవిడ నోట్లో ఏమీ పెట్టకు అని చెప్పాను. అత్త తలూపింది.

తిరిగి వచ్చి గేటు తీస్తుండగానే వాసన తగిలింది. గానుగ నూనె వాసన. ఆ వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

పెరట్లో ఎండలో పీట వేసి, ఆవిడని దాని మీద కూర్చోబెట్టింది అత్త. వెనక నిలబడి, అరచేతి నిండా నువ్వుల నూనె పోసుకుని నడినెత్తిన పెట్టి మర్దనా చేస్తోంది. పండగలకి మా అందరికీ చేసినట్టు, ఇంటికొచ్చిన ఆడబిడ్డలకి చేసినట్టు. ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉంది. కుంకుడుకాయల గిన్నె పక్కనే సిద్ధంగా ఉంది.

చేపల సంచి ఎక్కడ పడేశానో తెలియదు. "అత్తా, అది నువ్వుల నూనె" అన్నాను.

"అవును. మరేటి నూనెట్టమంటావు తలకి? ముద్దెట్టనేకపోతన్నాను, తలైనా అంటుదామని అటక మీది సీసా దించినాను. నోట్లో ఎట్టొద్దన్నావు గాని తలకెట్టొద్దన్లేదు గదా" అంది అత్త. అంతలోనే నా మొహం చూసి, నూనె చేతులు గాల్లో అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మిగతాదంతా ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నేను బకెట్టు నీళ్ళు ఎత్తి ఆవిడ నెత్తిన కుమ్మరించాను. నూనె, నీళ్ళు కలిసి మొహమంతా కారాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆవిడ ఏదో చెప్పబోయి దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఈసారి దగ్గులో పిల్లికూత వినిపించింది. నేను గదిలోకి పరిగెత్తి ఇంజెక్షన్ తెచ్చి, తను చూపించినట్టే తొడ మీద పొడిచాను. మా ఆయన కారు తీశాడు. దారంతా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపిరి లాగుతూనే ఉంది, నేను తన ఊపిరి వింటూనే ఉన్నాను.

గండం గడిచింది. తలకి పెట్టింది చాలావరకు ఒంటి మీదే ఆగేదనీ, నేను కుమ్మరించిన నీళ్ళతో కలిసి నోట్లోకి దిగి ఉంటుందనీ డాక్టరు అన్నాడు. సాయంత్రానికి ఆవిడ ఆసుపత్రి మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. అత్త గుమ్మం బయట వరండాలో, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

నేను క్షమించమనబోతే ఆవిడ ఆపింది. వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. సీసా మూత తీయగానే వాసన తెలిసిందట. ఒంటికి తగిలితే దురద పెట్టి పోతుంది, అంతేలే అనుకుందట.

నాకు అత్త మీద రానంత కోపం ఈవిడ మీద వచ్చింది. తెలిసి తెలిసి ఎందుకు కూర్చున్నావని గట్టిగానే అడిగాను.

ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంది. మీ ఇంటికి వచ్చినప్పటినుంచి నన్ను ఎవరూ ముట్టుకోలేదు అంది. అందరూ నన్ను చూసి భయపడుతున్నారు, నువ్వు కూడా. ఈ పొద్దున ఆ పెద్దావిడ తనంతట తనే వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. వద్దని ఎలా అనను?

నేను లేచి వరండాలోకి వచ్చాను.

"ఏటంటన్నాది? నన్ను తిడతన్నాదా?" అంది అత్త, తలెత్తకుండా.

ఉన్నదున్నట్టు చెప్పాను. వాసన పట్టి తెలుసుకున్న సంగతి, వద్దనకపోవడానికి కారణం, అన్నీ.

అత్త తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. తర్వాత లేచి, వరండా చివరున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. అరచేతులు వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. కొంగుకి తుడుచుకోబోయి ఆగి, గాల్లోనే ఆరబెట్టుకుంటూ వచ్చి, రెండు చేతులూ నా మొహం దగ్గర పెట్టింది.

"సూడే, వాసనొస్తన్నాదా?"

ఆసుపత్రి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయినా ఇంకొక్కసారి కడుక్కో అని నా నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదత్తా, వెళ్ళు" అన్నాను.