పారాణి మరక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్ల ఒంట్లో రాబోయే మార్పు గురించి ముందుగా చెప్పడం సిగ్గుమాలిన పని. అది వచ్చాక మాత్రం వాడకట్టునంతా పిలిచి, పాటలు పాడి, నువ్వుల ముద్దలు పంచేవాళ్లు. ఈ రెండింటిలో ఏది సిగ్గుమాలిన పనో నాకు అప్పుడే అనుమానంగా ఉండేది. ఇప్పుడైతే అనుమానం కూడా లేదు.

బాన్సువాడలో మా ఇల్లు నిజాంసాగర్ కాలువకు దగ్గర. ఇంటి పెత్తనం నానమ్మది. మా నాన్న బజారులో నలుగురి తగవులు తీర్చేవాడు గానీ ఇంట్లో వాళ్లమ్మ ముందు నోరు పెగిలేది కాదు. నానమ్మ లెక్క ప్రకారం పిల్ల పెద్దమనిషి అయిన రోజే బడికి ఆఖరు రోజు. మా మేనత్తలకు అలాగే ఆగిపోయింది. బస్సు మీద ఊరి పేరు చదవలేక పక్కవాళ్లను అడుక్కునే ఆ మేనత్తలే, నా పుస్తకాలు చూసి “ఇగ ఎన్ని రోజులు లే” అని ముసిముసిగా నవ్వేవాళ్లు. తమకు దక్కనిది ఇంకొకరికి దక్కకూడదనే ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఏడో తరగతి పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక పొద్దున అది వచ్చింది. ముందురోజు కాలువ గట్టు మీది నుంచి దూకాను కాబట్టి లోపల ఏదో తెగిందనుకున్నాను. చచ్చిపోతాననే అనుకున్నాను. అమ్మకు చెబితే నానమ్మకు తెలుస్తుంది, నానమ్మకు తెలిస్తే గాలికి పోయే తిట్లన్నీ తెచ్చి మరీ తిడుతుంది. అందుకని పెరటి గోడ దాటి పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను.

పక్కింటి అక్క అత్తగారింటి నుంచి తిరిగొచ్చి పుట్టింట్లో ఉండేది. ఆమె పెద్దమనిషి అయిన ఘడియ మంచిది కాదని అప్పట్లో పంతులు తేల్చాడు. శాంతి చేయించినా ఆ మాట ఆమెను వదల్లేదు. అత్తగారింట్లో బర్రె చచ్చినా ఆ ఘడియ వల్లే, మామ మెట్టు మీద జారినా ఆ ఘడియ వల్లే. చివరికి బట్టల మూటతో సహా దింపిపోయారు. బర్రె రోగానికి కోడలి ఒంటిని నిందించిన ఆ మనుషులను ఊళ్లో మర్యాదస్తులనే అనేవాళ్లు.

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “ఏడ్వకు. సచ్చుడు లేదు, ఏం లేదు. గిది ఆడోళ్లందరికీ అయ్యేదే. మీ నానమ్మకు కూడా అయ్యింది. కాకుంటే మీ నాయిన యాడికెల్లి పుట్టిండు?” అంది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఈ మధ్య ఊరికే కోపమొస్తోందా, అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నావా, మొన్నటిదాకా కలిసి ఆడిన మగపిల్లలు ఎదురైతే మాట తడబడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ నిజమే. ఇదంతా ఒకటే ఎదుగుదల అనీ, రోగం కాదు, పాపం కాదనీ చెప్పింది. పాతబట్ట మడత పెట్టడం, ఉతికి ఎండలో ఆరేసుకోవడం నేర్పింది. “పరీక్షలు కానియ్యి. అప్పటిదాంక నీకు నాకే ఎరుక” అంది.

ఆ రోజుల్లోనే నానమ్మ నాతో ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టించింది, దేవుడి దగ్గర దీపం వెలిగించమంది. ముట్టుకుంటే చెడుతుందని విన్నా, రెండూ చేశాను. ఊరగాయ బూజు పట్టలేదు, దీపం ఆరలేదు. పైగా ఆ ఊరగాయ ఈసారి బాగా కుదిరిందని నానమ్మే మురిసిపోయింది. ఆమె మడి మీద నాకున్న భయం ఆ భోజనాల దగ్గరే పోయింది.

పరీక్షలు రాశాను, పాసయ్యాను. కానీ పై చదువు సంగతి అలాగే ఉంది. విషయాన్ని ఎల్లకాలం దాచలేం. అప్పుడు అక్క అరటిపళ్లు పట్టుకుని పంతులు దగ్గరికి వెళ్లి, ఎక్కడో చుట్టాలమ్మాయి గురించి అన్నట్టు, ఏ రోజు పెద్దమనిషి అయిన పిల్లకు చదువు బాగా వస్తుందో వినయంగా అడిగింది. గురువారం నాడు పుష్యమి నక్షత్రం కలిస్తే, ఆ రోజు అయిన పిల్లకు చదువు ఆపడమే ఇంటికి అరిష్టమని ఆయన చెప్పాడు.

అలాంటి గురువారం వచ్చేదాకా ఆగాం. ఆ పొద్దున అక్క పసుపులో సున్నం కలిపి పారాణి చేసి నా పావడాకు పూసింది. నిజానికి ఆ రోజు నాకు ఏమీ లేదు. ఎవరైనా దగ్గరికొచ్చి చూస్తే దొరికిపోయేవాళ్లం. కానీ ముట్టుకుంటే మైలని నానమ్మ గుమ్మం అవతలే నిలబడి, ముక్కు మీద వేలేసుకుని, సంబరపడింది. మేనత్తలు అంతకంటే దూరం. ఆ పావడా అక్కే ఉతికేసింది. మమ్మల్ని కాపాడింది వాళ్ల అంటుముట్టే.

సాయంత్రం పంతులు పంచాంగం విప్పి, వేళ్లు మడిచి లెక్కేసి, అరటిపళ్లకు చెప్పిన మాటే మళ్లీ గంభీరంగా చెప్పాడు. “అయ్యో, ఆపుతమా అయ్యగారూ, సదివిపిస్తం” అని నానమ్మ దండం పెట్టింది. గదిలో చాప మీద కూర్చుని వింటున్న నాకు సంతోషం కంటే మంటే ఎక్కువైంది. నా మార్కులకు లేని విలువ ఆ మరకకు ఉంది. బయట పాటలు పాడుతున్న ఆడవాళ్లందరిలోకీ పక్కింటి అక్క గొంతే గట్టిగా వినిపిస్తోంది.

నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, రిటైరయ్యాను. అక్క పోయి చాలా కాలమైంది. ఈ మధ్య మా ఊరి చౌరస్తాలో ఒక పిల్ల ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ చూశాను. ఆ పిల్ల మొహం చుట్టూ మీసాలు దువ్విన నాయకుల ఫొటోలు. ఆ పిల్ల ఒంటికి, వీళ్ల మీసాలకు ఏం సంబంధమో అడిగేవాళ్లు లేరు. అప్పుడు మూలన కూర్చోబెట్టేవాళ్లు, ఇప్పుడు రోడ్డు మీద వేలాడదీస్తున్నారు. ఆ పిల్ల బడికి ఆ దారినే కదా వెళ్లాలి.

నా మనవరాలికి మాత్రం ముందే అన్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఆ రోజు రాగానే నాకే ఫోన్ చేసి, “అమ్మమ్మా, ఎవ్వరికీ చెప్పకు, నాకు చెప్పాలనిపిస్తే నేనే చెప్తా” అంది. సరేనన్నాను. మేనత్తల కూతుళ్లు కనిపించినప్పుడల్లా, “ఏందొదినా, నీ మనవరాలు ఇంకా కాలేదా, ఫంక్షన్ ఎప్పుడు?” అని ఆరా తీస్తారు. వాళ్ల కళ్లలోకి చూస్తూ నాకేం తెలియదని చెబుతాను. ఒంటి కబురు ఆ ఒంటిదే అని ఆ గోడ అవతల నేర్చుకున్నాను, వీళ్లకు నిజం చెప్పాలన్నంత గౌరవం నాకు వీళ్ల మీద ఏనాడూ కలగలేదు.