నా వేషానికి ఆయన పేరు

మా నాటకానికి అవార్డు వచ్చిందని ఎవరైనా అభినందిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఏడుగురం కలిసి, ఏ సంఘం అండా లేకుండా, లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో ఆరు నెలలు రిహార్సల్స్ చేసి వేసిన తెలుగు నాటకం అది. మూతపడిన సినిమాహాలు గుమ్మంలో ఇంకా టికెట్లు చింపుతూ కూర్చునే ముసలివాడి వేషం నాది. తెల్ల గడ్డం, విగ్గు, మొహం నిండా ముడతలు. మా అమ్మ చూసినా గుర్తుపట్టదు.

బ్రోచర్ ప్రింటుకి వెళ్లే ముందు, మా సామాన్లకి తన గరాజ్ ఇచ్చిన అంకుల్ నన్ను పక్కకి పిలిచారు. ఆయన ఎప్పుడో సిటిజన్ అయిపోయారు.

“నువ్వు హెచ్ వన్ వీసా మీద ఉన్నావు కదా నాన్నా. స్టేజ్ ఎక్కితే ఇంకో జాబ్ చేసినట్టే కౌంట్ చేస్తారు. రిస్క్ ఎందుకు? నా పేరు వేసెయ్యండి, నాకేం కాదు.”

లాయర్ని అడగాల్సింది. అడగలేదు. వీసా అన్న మాట వింటే చాలు, మాలో ఎవరమూ ఇంకేమీ ఆలోచించం. మా దర్శకురాలు వద్దంటున్నా బతిమాలి ఒప్పించాను. పైగా ఆయనకి థాంక్స్ కూడా చెప్పాను, బుద్ధి లేక.

ఊళ్లోని చిన్న నాటక బృందాలకిచ్చే అవార్డుల్లో మాది ఉత్తమ నాటకం. ఉత్తమ నటుడు అంకుల్. సూటు వేసుకుని వెళ్లి అందుకోవడమే కాదు, ఆ ముసలివాడి నడక పట్టుకోవడానికి తాను ఎంత కష్టపడ్డారో మైకులో చెప్పారు. వెనక వరసలో కూర్చుని నేను చప్పట్లు కొట్టాను. గెలిచిన నాటకాన్ని పెద్ద థియేటర్లో మళ్లీ వేయిస్తామని అక్కడే ప్రకటించారు. ఆ స్టేజ్ మీద నిలబడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

మర్నాడు లాయర్‌కి ఫోన్ చేశాను. “డబ్బులేం తీసుకోలేదుగా? సరదాగా వేసుకున్న నాటకానికి పేరు దాచుకోవడం ఎందుకండీ?” అని ఆవిడ నవ్వింది.

ఆ ఆదివారం అంకుల్ ఇంట్లో విందు. వచ్చినవాళ్లలో నాటకం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నా అవార్డు వాళ్ల ఫైర్‌ప్లేస్ మీద ఉంది.

“ఒక్క డైలాగ్ చెప్పండి అంకుల్!” అని ఎవరో అడిగారు. ఆయన నా వైపు వంగి, “మొదటి ముక్క అందించు నాన్నా,” అని గొణిగారు.

అందించలేదు. నేనే లేచి, ఆ ముసలి గొంతుతో మొత్తం చెప్పేశాను. “లోపలికి రండి బాబూ, ఇప్పుడే మొదలైంది...” దగ్గర్నుంచి చివరిదాకా. అందరూ చప్పట్లు కొట్టారు.

“అబ్బ, అంకుల్ భలే ట్రైనింగ్ ఇచ్చారే!” అంది పలావ్ ప్లేటు పట్టుకున్న ఒక ఆంటీ.

ఆయన కాదనలేదు. తల ఊపారు.

గరాజ్‌లోకి వెళ్లి అట్టపెట్టెలోంచి గడ్డం, విగ్గు తీసుకొచ్చి అందరి ముందూ ఆయన చేతిలో పెట్టాను.

“శనివారం ఆరింటికి పెద్ద థియేటర్లో షో, అంకుల్. బ్రోచర్‌లో మీ పేరే ఉంది.”

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.