మామ చెప్పిన ఆస్ట్రేలియావాళ్ళు

తిరునిన్రవూరులో పొద్దున నేనెక్కే ఎలక్ట్రిక్ రైలులో నా ఎదురుగా రోజూ ఒక కుర్రాడు కూర్చుంటాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో బబుల్‌గమ్. ఆ గులాబీరంగు తీపివాసన ఉమ్ముతో కలిసి, కిటికీ గాలికి నేరుగా నా ముఖానికి కొడుతుంది. అతను బుడగ ఊది టప్పున పగలగొట్టి, పెదాలకు అంటుకున్నదాన్ని నాలుకతో లోపలికి లాక్కునేసరికి నేను ముఖం పక్కకు తిప్పుకుంటాను. పాపం, అతని తప్పేమీ లేదు. ఆ వాసన తగిలితే చాలు, తిరుత్తణిలో మా ఇంటి ముందుగదీ, టీవీ ముందు కాళ్ళు బారచాపుకుని దవడలాడిస్తూ కూర్చున్న మా మామా కళ్ళముందుకొస్తారు. చిన్ననాటి వాసనలు తలుచుకుని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు అసూయగా ఉంటుంది. నా వంతుకు వచ్చిన వాసన ఇది.

మాది కొండదారికి కాస్త ఎడంగా ఉన్న నేతగాళ్ళ వీధి. తెల్లారకముందే మగవాళ్ళు పడుగు దారాలను వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొయ్యల మీద చాపి కట్టేవాళ్ళు. అమ్మ ముందురోజు నూకలతో కాచి, రాత్రంతా పులియనిచ్చిన గంజిని కుండతో మోసుకొచ్చేది. నాయనా, ఇంకో నలుగురూ పెద్ద కుంచెలతో ఆ గంజిని దారాలకు పట్టిస్తూ అటూ ఇటూ నడిచేవాళ్ళు. ఎండెక్కి పడుగు ఆరి, చుట్టి లోపలికి తీసుకుపోయేదాకా వీధి దారాలది, ఆ తర్వాతే మాది. వానలు పట్టుకున్నప్పుడు పడుగు చాపే వీలుండదు కాబట్టి పగలంతా ఆటే, కానీ మగ్గం ఊరకుండిపోయి పెద్దవాళ్ళ ముఖాలు గంటు పెట్టుకుని ఉండేవి, రాగిసంగటిలోకి ఊరమిరపకాయే గతి. ఆడికృత్తిక పండక్కి కొండ మీది స్వామికి కావళ్ళు మోసేవాళ్ళ పూల వాసనా, గుండ్లకు పూసిన చందనం వాసనా, మా వీధి పులిసిన గంజి వాసనా కలిసిపోయేవి. యాత్రికులు మా వీధి మొదట్లోనే ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ వీధిలో పుట్టిన మాకు మాత్రం అది వాసనేనని తెలియదు.

మామ అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. వాళ్ళ అమ్మా నాన్నా తొందరగా పోతే, అమ్మే వాడికి ముద్దలు కలిపి పెట్టి పెంచి, పెళ్ళై వస్తూ వెంటబెట్టుకొచ్చింది. మగ్గం గుంటలో కాలు పెట్టనన్నాడు వాడు. బజారులో పట్టుచీరల అంగడిలో చేరి, ఇస్త్రీ చొక్కా వేసి, మెడ నిండా పౌడరు కొట్టుకుని, గడప దాటే ముందు చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాడు. మా వీధికంతటికీ మొదటి రంగుల టీవీ తెచ్చిందీ వాడే. అందుకని పిల్లలందరికీ వాడు దేవుడు, నాకైతే దేవుడి కంటే ఒక మెట్టు పైన, ఎందుకంటే ఆ దేవుడు ఉండేది మా ఇంటి ముందుగదిలో.

ఆస్ట్రేలియాలో జరిగే మ్యాచ్‌లు మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, మాకు తెల్లవారుజామునే వచ్చేవి. బయట మంచు, ముగ్గులు వేసే ఆడవాళ్ళ చీపుళ్ళ చప్పుడు, ఆకులో పొగలు కక్కే గుడి పొంగలి, అందులో పంటికింద పగిలే మిరియం. లోపల టీవీలో కళ్ళు చెదిరే పచ్చిక, దాని మీద తెల్లబట్టల మనుషులు. కొండ మీది స్పీకరు ఊరంతా వినబడేలా పాడుతుంటే టీవీలో ఒక్క ముక్క వినబడేది కాదు. వినబడినా మాకు ఇంగ్లీషు రాదు. మామకూ రాదు, కానీ వచ్చినట్టు కూర్చునేవాడు. తెరమీద ఎవడి పెదవి కదిలినా వాడేమన్నాడో మామ మాకు తెలుగులో చెప్పేవాడు.

ఆ ఆటగాళ్ళ అసలు పేర్లు మీకందరికీ తెలుసు, నేను రాయను. మా వీధిలో వాళ్ళకు ఆ పేర్లు లేవు. పొడుగ్గా, బక్కగా ఉండి, బంతిని మళ్ళీ మళ్ళీ ఒకేచోట పడేసేవాడు కొక్కిరాయి. పెదాలకు తెల్లటి మందు పూసుకునేవాడు సున్నంమూతి. ఎప్పుడూ దవడలాడించే కెప్టెను నెమరాయన. నాలుగడుగులు నడిచొచ్చి, బంతిని వేళ్ళతో మెలిపెట్టి, ఎక్కడో పడిందాన్ని ఎక్కడికో తిప్పే బొద్దుమనిషి బొంగరం. తమిళ పత్రికలో వచ్చిన వాళ్ళ బొమ్మలు కత్తిరించి మగ్గం గది గోడకు గంజితోనే అతికించాం. మన జట్టు ఓడిపోతుంటే ఏడుస్తూనే బొంగరం వేసిన బంతిని ఇంకోసారి చూపిస్తారేమోనని కాచుకు కూర్చునేవాళ్ళం. వాళ్ళంటే భయం, భయంతో కలిసిన ప్రేమ.

అమ్మకూ వాళ్ళంటే ఇష్టమే. గంజికుండ నడుముకు ఆనించుకుని ముందుగదిలోంచే వీధిలోకి పోవాలి కాబట్టి, పోతూ పోతూ టీవీ దగ్గర ఆగేది. ఆట ఆమెకు పట్టదు, బట్టలు చూసేది. "ఎంత తెల్లగుండాయిరా గుడ్డలు! యాడ నేసినారో, ఎవురు ఉతికినారో," అనేది. కొక్కిరాయి మీద ఆమెకు ప్రత్యేకంగా జాలి. "పావం, ఎండకు ఎట్ల కమిలిపోయినాడో చూడు. వాళ్ళమ్మ చూస్తే తట్టుకోలేదు," అని కొంగుతో నా ముఖం తుడిచేది, నేనేదో ఆ ఎండలో ఉన్నట్టు.

నెమరాయనను చూసి మామ బబుల్‌గమ్ మొదలుపెట్టాడు. నమిలి నమిలి తీపి అయిపోయాక దాన్ని టీవీ బల్ల అంచుకు అంటించేవాడు, సాయంత్రం మళ్ళీ పీకి నోట్లో వేసుకునేవాడు. ఆ బల్ల కింద చేయి పెడితే తగిలే ఎండిన ముద్దలు, వాటికి అంటిన దుమ్మూ వెంట్రుకలూ తలుచుకుంటే నాకిప్పటికీ వాంతి వస్తుంది. వాడి అనువాదాలు కూడా అలాగే తయారయ్యాయి. మొదట్లో కొక్కిరాయి బ్యాట్స్‌మన్‌ను "నీకు చేతకాదు, ఇంటికి పో" అని మాత్రమే అనేవాడు. పోనుపోను సున్నంమూతి వాడి రంగును అనేవాడు, బొంగరం వాడి చెల్లెల్ని అనేవాడు, నెమరాయన వాడి పుట్టుకనే అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. "వాళ్ళు గెలిచేది బ్యాటుతో అనుకుంటుండారా? నోటితోరా, నోటితో," అని మామ నేర్పేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని బడిలో చదివిన సామెత మా వీధిలో తిరగబడింది.

ఆ ఏడాది తిరువళ్ళూరులో కోమట్ల వీధి పిల్లలతో మాకు మ్యాచ్ కుదిరింది. అంగడి వాళ్ళ బంధువుల పిల్లలట, మామే కుదిర్చాడు. నేనప్పటికి రైలెక్కి ఎరగను. ఆట పెట్టుకున్నది అమావాస్య నాడు కాబట్టి అమ్మ కూడా మాతో వస్తానంది, అక్కడి గుళ్ళో వీరరాఘవస్వామిని చూసుకుంటానని. ఇంతకాలం మగ్గం వదిలి ఎక్కడికీ కదలని అమ్మ నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని రైలులో వస్తుందన్న ఆలోచనకే నాకు నిద్రపట్టేది కాదు. పులిహోర కలుపుతానంది, పెట్టెలోంచి తను నేసుకున్న అరిటాకు రంగు చీర తీసి ఎండలో ఆరేసింది. జట్టులో చోటు దొరకడం కంటే ఆమె పక్కన కూర్చుని పోవడమే నాకు ఎక్కువ ముఖ్యమైపోయింది.

జట్టును ఎంచడానికి మామ ఒక పరీక్ష పెట్టాడు. ఒక్కొక్కడు బ్యాటు పట్టుకుని నిలబడాలి, మిగతావాళ్ళు చుట్టూ నిలబడి పొద్దున టీవీలో విన్నవన్నీ వాడిమీద ప్రయోగించాలి. తట్టుకున్నవాడే ఆస్ట్రేలియావాడికి సమానం. నా వంతు వచ్చేసరికి పడుగు ఎత్తేశారు, వీధి ఖాళీగా ఉంది, అమ్మ కొళాయి దగ్గర కూర్చుని గంజికుండ తోముతోంది. వికెట్ల వెనక ఉన్నది నా జతగాడు శేఖరు. వాడు మంచివాడే, పొద్దున మామ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు, అంతే.

"ఒరే, మీయమ్మ వస్తాంటే పులిసిన గంజికుండే నడిసొస్తాండాదిరా! ముక్కు మూసుకోండిరా!"

అందరూ ముక్కులు మూసుకున్నారు. మామ కూడా మూసుకుని, పెద్దగా నవ్వాడు. నేను బ్యాటు వదిలేసి అమ్మవైపు చూశాను. కుండ తోముతున్న ఆమె చేయి ఆగిపోయింది. తడిచేతుల్తోనే లేచి వచ్చింది.

"యాడ నేర్సినార్రా ఈ మాటలు?" అంది.

"సుమ్మా, ఊరికే ఆటక్కా," అన్నాడు మామ. "నేనేం సొంతంగా చెప్పలే. ఆస్ట్రేలియావోళ్ళు అట్లే అంటారు. పొద్దున టీవీలో ఆ కొక్కిరాయే అన్న్యాడు, ఈళ్ళందరూ ఇన్నారు గదా."

అమ్మ తడిచేతులను కొంగులో దాచుకుని ఇంట్లోకి పోయింది. మామ నోట్లో గమ్ము ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి, తర్వాతి వాణ్ణి పిలిచాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర, నా వైపు చూడకుండా అడిగింది. "అబ్బయా, ఆ కొక్కిరాయబ్బి నిజంగానే అట్లన్న్యాడా?"

నాకు తెలియదమ్మా అన్నాను. నిజంగా నాకు తెలియదు. ఆమె అరిటాకు రంగు చీర మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. "నేను రాను లే. రైల్లో పక్కనోళ్ళకు కష్టం. నువ్వు పోయి ఆడుకోని రా," అంది. ఆమె పక్కన లేని ఆ రైలు నాకూ వద్దనిపించింది. మామ నన్ను పిరికివాడన్నాడు, అమ్మకొంగు పట్టుకుని గంజి కాచుకోమన్నాడు. వాళ్ళు తిరువళ్ళూరు పోయి, గొంతులు బొంగురుపోయేలా తిట్టి, చిత్తుగా ఓడి వచ్చారు.

నాకు మామ మీద కోపం రాలేదు, అదే విచిత్రం. నా అసహ్యమంతా కొక్కిరాయి మీదికి పోయింది. మా అమ్మ జాలిపడిన మనిషే ఆమెను అంత మాట అన్నాడని, గోడ మీది బొమ్మలన్నీ గోళ్ళతో గీకి పీకేశాను. వాళ్ళతో ఎవరాడినా ఆ ఎదుటివాళ్ళే గెలవాలని కోరుకుంటూ పెద్దవాణ్ణయ్యాను. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి గంజికుండను పెరటిదారిన తీసుకుపోయేది, టీవీ ఉన్న గదిలోంచి మళ్ళీ నడవలేదు. నిమ్మతొక్కలతో చేతులు రుద్దుకునేది. నాకు బడిలో బహుమతి ఇచ్చిననాడు గోడ బయట నిలబడి చూసింది. నా పెళ్ళయ్యాక తిరునిన్రవూరు వచ్చి మాతో ఉన్నప్పుడు, ఆమె గంజి ముట్టి ఏళ్ళు గడిచాయి, అయినా పండగ పూట చేతులు నా భార్య ముందు చాపి, "చూడమ్మా, ఏమన్నా వస్తాండాదా?" అని అడిగేది. చందనం వాసన వస్తోందత్తయ్యా అంటే నమ్మేది కాదు. చనిపోయేదాకా నమ్మలేదు.

ఆమె పోయిన మరుసటేడు, ఇదే రైలులో, ఎవరో పంపిన పాత మ్యాచ్ ఒకటి ఫోన్లో చూశాను. మార్గళి తెల్లవారుజామున మా ముందుగదిలో చూసిన ఆటే. ఈసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, నాకు ఇంగ్లీషూ వచ్చు. వికెట్ల దగ్గర పెట్టిన మైకులోంచి అన్నీ వినబడుతున్నాయి. కీపరు ప్రతి బంతికీ "బాగా వేశావు, అక్కడే వెయ్యి" అంటున్నాడు, అదే మాట, విసుగొచ్చేదాకా. కొక్కిరాయి ఓవరు ముగించి పెదవులు కదిపాడు, అంపైరును తన టోపీ ఇవ్వమని అడిగాడు. వాళ్ళు సాధువులని నేననను. వాళ్ళ నోటిదూల గురించి తర్వాత చాలానే చదివాను. కానీ మామ మాకు వినిపించినవాటిలో ఒక్కటీ అందులో లేదు. అవన్నీ వాడి కడుపులోవి. అక్క చేతి ముద్ద తింటూ, ఆ చేతి వాసనను వాడు ఎన్నేళ్ళుగా అసహ్యించుకున్నాడో అప్పుడర్థమైంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే.

మొన్న ఆడికృత్తికకు తిరుత్తణి పోయాను. మా వీధిలో ఇప్పుడు ఒక్క పడుగూ చాపరు. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలొచ్చాయి, వాటి చప్పుడూ ఆగిపోయి ఇళ్ళు యాత్రికులకు అద్దె గదులయ్యాయి, వీధి పొడుగునా కార్లు నిలబెట్టి ఉన్నాయి. ఏ వాసనా లేదు. మామ ఆ ముందుగదిలోనే గోడంత టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. పళ్ళు పోయాయి, చెవులు సరిగా వినబడవు. తెర మీద తల నెరిసిన కొక్కిరాయి కోటు వేసుకుని, మైకు పట్టుకుని, ఎంతో మర్యాదగా ఏదో చెబుతున్నాడు.

"మన కొక్కిరాయేరా! ముసలోడైపోయినాడు," అని మామ సంబరపడ్డాడు. "నువ్వు ఇంగ్లీషు చదివినోడివి గదా. ఏమంటాండాడు, చెప్పు."

నేను మామ చెవి దగ్గరికి వంగాను.

"మీయక్క చేతి కూడు తిని పెరిగినోడివి గదా, ఆమె గురించి ఒక్క మంచి మాట చెప్పు అంటాండాడు మామా."

మామ నన్నూ, తెరనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత విసుగ్గా చేయి విదిలించాడు.

"పోరా, ఎగతాళా? యాడో ఆస్ట్రేలియాలో ఉండేవోనికి మీయమ్మ ఎట్ల తెలుసురా?"

ఆ మాట వినడానికి అమ్మ లేదు.