తుండుగుడ్డ కింద బేరం

ఇది కథ కాదు. కల్పించి చెప్పటం లేదు. నాకు జరిగింది. ఒట్టు వెయ్యమంటే నా రెండు కళ్ల మీద వేస్తాను. రేపు నేను తినబోయే అన్నం మీద వేస్తాను. మీ మీద మాత్రం వెయ్యను... ఎందుకు వెయ్యనో చివరికి మీకే తెలుస్తుంది.

రోజూ నవ్వుతారుగా మీరు, అమ్మమ్మ వీడియో కాల్ చేస్తే చాలు హాజరు తీసుకుంటుందని. శ్రావ్య ఏదీ... కార్తీక్ ఏడీ... చిన్ని ఏదీ... ముగ్గురి మొహాలూ కనబడితే గానీ మాట మొదలుపెట్టదని. ఎందుకలాగ అని పొద్దున చిన్ని మెసేజ్ పెట్టింది. సరే, చెబుతాను. ముందు తలుపు వేసుకోండి. మీ అమ్మ వినకూడదు. పుణెకి వినబడేంత గట్టిగా నేను మాట్లాడలేను, తాతయ్య హాల్లో పడుకున్నారు. ఈ మాట ఎత్తితే ఆయనకి కోపం. మీరే సౌండ్ పెంచుకోండి.

పోయిన చలికాలం సంగతి. తలకి నూనె రాసుకుంటుంటే చెవి కింద, మెడ పక్కన, చేతికి తగిలింది. చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేకపోతేనే మంచిది కాదని ఎక్కడో విన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసింది. మొహంలో ఏమీ లేదు. నేను ఆ మొహాన్నే చూస్తున్నాను. సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపింది. "రిపోర్ట్ రావడానికి కొన్ని రోజులు పడుతుందండీ. అప్పటిదాకా దాన్ని తడమకండి" అంది.

తడమకండి అంటే ఎలా... చెయ్యి నా మాట వినదే. అన్నం తింటుంటే ఎడమ చెయ్యి అక్కడే. దీపం పెడుతుంటే అక్కడే. పొద్దున పెద్దదైందనిపించేది. సాయంత్రానికి తగ్గిందనిపించేది. రాత్రికి పక్కనే రెండోది పుట్టిందని ఏడ్చాను. అది దవడ ఎముక. అందరికీ ఉండేదే.

ఫోన్‌లో నోటితో అడిగితే చెబుతుందని కార్తీకే నేర్పాడు. తాతయ్య స్నానానికి వెళ్లినప్పుడు, మెల్లిగా, మెడలో గడ్డ అన్నాను. నేను మెల్లిగా అన్నాను గానీ అది మెల్లిగా చెప్పలేదు. ఇల్లంతా మోగేలా చదవడం మొదలుపెట్టింది... వయసు పైబడినవారిలో, అంటూ. ఆపడం రాలేదు. తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. లోపల్నించి కూడా చదువుతూనే ఉంది.

మా మేడ మీద కిరాయికుండే యాదమ్మ తెలుసుగా, నల్గొండ వాళ్లు. మంచిది పాపం. పలకరించడానికి వచ్చింది. నా మెడ ఒకసారి చూసి, "మా తోటికోడలుకు గిట్లనే ఉండె వదినా. గింతే, గీడనే. ఏం గాదన్నరు" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఇప్పుడెలా ఉంది ఆవిడ?" అన్నాను.

"ఇప్పుడేడుంది వదినా! పోయిన బతుకమ్మకే పాయె. నువ్వు మాత్రం పరేషాన్ గాకు. జర కరివేపాకుంటె ఇయ్యి."

ఇచ్చాను. సగం రెబ్బలు కింద పడేశాను. ఆవిడే ఏరుకుని వెళ్లింది.

రిపోర్ట్ రావాల్సిన రోజు ల్యాబ్‌కి నేనొక్కదాన్నే వెళ్లాను. కౌంటర్‌లో ఒక పిల్ల. కంప్యూటర్‌లో చూసింది. ఇంకోసారి చూసింది. పక్కనున్న పిల్ల చెవిలో ఏదో అంది. అప్పుడు నన్ను చూసి, "అమ్మమ్మా, ఇంక రాలె. రేపు ఒస్తది. రేపు ఎవర్నన్న తోడు తోల్కొని రా" అంది.

తోడెందుకు? నేను రాలేదా? నాకు చెప్పకూడనిది ఏముంది? అడగలేదు. వచ్చి ఆటో ఎక్కాను. ఆటోలో ఎల్బీనగర్ దాటేదాకా ఆ ఒక్క మాటే. తోడు తోల్కొని రా... తోడు తోల్కొని రా...

ఇక్కడ తాతయ్య సంగతి ఒకటి చెప్పాలి. మేం నూజివీడు నుంచి వచ్చిన కొత్తలో ఆయన కొత్తపేట పండ్ల మార్కెట్లో కమీషన్ దుకాణం పెట్టారు. ఇప్పుడా మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయిందనుకోండి. నేను క్యారియర్ తీసుకెళ్లేదాన్ని. అక్కడ మామిడికాయల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరు మనుషులు చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద ఒక వేలు పట్టుకుంటే ఒకటి. రెండు పట్టుకుంటే రెండు. నచ్చకపోతే అవతలి చేతిని తోసెయ్యడమే. నచ్చితే మణికట్టు గట్టిగా పట్టుకుంటారు. ఖాయం. చుట్టూ ఎంతమంది ఉన్నా రేటు ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం ముందే నోటితో అనుకుంటారు... వందల్లోనా, వేలల్లోనా అని. అది అనుకోకుండా చెయ్యి కలపరు.

పెళ్లైన కొత్తలో ఆయన నాకు నేర్పారు. రాత్రి పూట, ఆట. అత్తగారు పక్క గదిలో ఉంటే మాకు మాటలన్నీ తుండుగుడ్డ కిందే. చీకట్లో కూడా ఆయన చెయ్యి నాకు తెలిసిపోయేది. కుడిచేతి చూపుడువేలికి పై కణుపు లేదు కదా. లారీ తలుపులో పడి పోయింది. మీరు చిన్నప్పుడు మొండి వేలు తాతయ్యా అని లాగి ఆడుకునేవాళ్లే, ఆ వేలు. చివర నున్నగా, గుండ్రంగా ఉంటుంది. గోరు ఉండదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఆయన ముందు కూర్చున్నాను. "ఏమండీ, బుట్టలో పైకాయ నొక్కి చూసి అడుగున ఎన్ని కుళ్లాయో చెప్పేవారు కదా. నన్ను చూసి చెప్పండి. ఎన్నాళ్లుంటాను?"

"మెంటలెక్కిందా నీకు?"

"చెప్పండి. మీరు చెబితే నిద్రపోతాను."

ఆయనకీ భయమేనర్రా. భయమేస్తే ఆయనకి ఎకసెక్కం వస్తుంది. టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నీ సరుకు రేటు అందరిముందూ నోటితో చెప్పేదేంటే? రాత్రి తుండుగుడ్డ కింద చెబుతాలే, పో" అన్నారు.

నవ్వుతావేంట్రా కార్తీక్. నేనూ నవ్వాను. అన్ని రోజుల తర్వాత మొదటిసారి.

రాత్రి సగం నిద్రమాత్ర వేసుకున్నాను. ఇది దాచను, మీకు తెలియాలి. మాత్ర వల్లేనేమో అని మీరు అనుకుంటే అనుకోండి. మా గదిలో రెండు మంచాలు, పక్కపక్కనే, మధ్యలో జానెడు సందు. ఆయన పాత తుండుగుడ్డ తీసి ఆ సందు మీద పరిచాను. చెయ్యి దాని కింద పెట్టి పడుకున్నాను. ఆయన చెయ్యి వస్తుందని ఎదురుచూస్తూ... పెళ్లికూతురిలాగ.

రాలేదు.

సాగర్ రోడ్డు మీద లారీల మోత దూరంగా. గోడ మీద గడియారం. నేను మింగిన ప్రతిసారీ గొంతులో టక్... టక్... అని. ఎప్పుడు కన్ను మూతపడిందో.

వాసనకి మెలకువ వచ్చింది.

మామిడి సొన వాసన. కాయ తొడిమ విరిస్తే కారుతుందే, ఘాటుగా, ముక్కు మండేలా... అది. దాంతోపాటు వరిగడ్డి వాసన. చలికాలంలో మామిడికాయ ఎక్కడిది? అనుకుంటూనే ఉన్నాను. గుడ్డ కింద నా చేతిని ఒక చెయ్యి తాకింది.

హమ్మయ్య, గుర్తుంది ఈయనకి, అనుకున్నాను.

ఆ చెయ్యి నా ఒక వేలు పట్టుకుంది. చల్లగా ఉంది. చలికి అనుకున్నాను. ఒకటి. ఒక్క ఏడాదేనా? నాకు ఏడుపొచ్చింది. తోసేశాను.

కాసేపు ఏమీ లేదు. మళ్లీ వచ్చింది. రెండు వేళ్లు పట్టుకుంది. రెండేళ్లు... చాలదండీ, చిన్ని పదోతరగతి కూడా అవ్వదు, అనుకున్నాను మనసులో. తోసేశాను. కొంచెం గట్టిగానే.

ఈసారి చాలా ఆలస్యం. పోయిందేమో అనుకున్నాను. అప్పుడు... మెల్లిగా... ఒకటి. దాని పక్కన ఒకటి. దాని పక్కన ఇంకోటి. మూడు వేళ్లు. అలా పట్టుకుని వదల్లేదు. ఆగింది. మార్కెట్లో కూడా అలాగే ఆగుతారు, ఇదే ఆఖరి మాట అన్నప్పుడు.

మూడు. చిన్ని పది అయిపోతుంది. శ్రావ్యకి ఉద్యోగం వస్తుంది. కార్తీక్ కుదురుకుంటాడు. ముగ్గుర్నీ చూసుకుని పోవచ్చు. చాలు.

మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా. ఖాయం.

ఎంత హాయిగా అనిపించిందో తెలుసా. ఇన్నేళ్ల కాపురంలో నా మొగుడి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఆ మణికట్టు మీంచి చెయ్యి కిందికి జార్చాను. అరచెయ్యి... చూపుడువేలు... ఆ మొండి వేలి చివర నిమరడం నాకు అలవాటు. నిమిరాను.

వేలు అయిపోలేదు.

ఇంకా ఉంది. ఆ పైన కణుపు ఉంది. దాని చివర... గోరు. నా బొటనవేలు ఆ గోరు మీదే ఆగిపోయింది. నున్నటి, నిండు గోరు.

తల తిప్పాను. వీధిలైటు వెలుతురు కిటికీలోంచి పడుతోంది. పక్కమంచం మీద మీ తాతయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని... చిన్నపిల్లాడిలాగ. గురక పెడుతున్నారు.

నా చేతిలో చెయ్యి ఇంకా ఉంది.

అరవాలనుకున్నాను. అప్పుడా చెయ్యి, ఏం తొందర లేదన్నట్టు, ఒక్కో వేలూ విడిపించుకుంది. మంచాల మధ్య సందులోకి... కిందికి... తుండుగుడ్డ మెల్లిగా చదునైపోయింది.

తెల్లారేదాకా నేను ఆ చేత్తో మెడ కూడా తడుముకోలేదు.

మర్నాడు తాతయ్యని తోడు తీసుకుని ల్యాబ్‌కి వెళ్లాను. కౌంటర్‌లో పిల్ల కాగితం చేతిలో పెట్టి, "ఏం లేదు అమ్మమ్మా, మామూలు గడ్డనేనంట. అగో, నిన్న ఎట్ల భయపడ్డవ్! నువ్వు తూలుతున్నవని తోడు తెచ్చుకోమన్న" అంది. తాతయ్య అక్కడే కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం సంతోషం రాలేదు. ఎంత తవ్వినా రాలేదు.

బయట గాజుల బండ్ల మధ్య నిలబెట్టి ఆయన్ని అడిగాను. "రాత్రి మీరు నా చెయ్యి పట్టుకోలేదు కదూ?"

"ఎప్పుడు?"

అంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. రిపోర్ట్ బాగా వచ్చిన ఆనందం కదా, రోడ్డు మీద జనం చూస్తున్నా నవ్వుతున్నారు. "మూడుకి ఖాయం చేశావా! మూడేంటే? రోజులా, నెలలా, ఏళ్లా?"

"ఏళ్లనుకున్నాను."

"అనుకున్నావా! లెక్కేంటో నోటితో చెప్పించకుండా చెయ్యి కలిపావా? నా దుకాణంలో గడ్డి పరిచే కూలీకి కూడా తెలుసే ఆ సంగతి. పోనీ అది ఇస్తానన్న లెక్కా, ఇమ్మన్న లెక్కా? అదన్నా..."

ఆగిపోయారు.

నా చేతిలో ఫోన్ ఉంది. ల్యాబ్ మెసేజ్ వచ్చి స్క్రీన్ వెలిగింది. దాని మీద మీ ఫొటో ఉంటుందిగా, అంతకుముందు వేసవిలో దిగింది, మీ ముగ్గురిదీ. ఆయన దాని వంక చూశారు. నవ్వు పోయింది. "పద, ఆటో ఎక్కు" అన్నారు. ఇవాళ్టిదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తుండుగుడ్డ కూడా ఇంట్లో లేదు. ఏం చేశారో నేనడగలేదు.

ఇంక నా బుర్ర ఊరుకుంటుందా? నా గడ్డలో ఏమీ లేదు. నాకెవరూ ఏళ్లు ఇవ్వక్కర్లేదు. మరి ఆ బేరం దేనికి? నన్ను వదిలెయ్యడానికి అది ఏదో ఇమ్మని అడిగిందేమో... ముందు ఒకటే అడిగింది. నేను చాలదన్నాను. రెండు అడిగింది. చాలదన్నాను. నేనేగా పెంచింది... నేనేగా మూడు చేసింది.

మూడు రోజులేమో అని మూడు రాత్రులు మేలుకున్నాను. ఏం జరగలేదు. మూడు నెలలేమో అని క్యాలెండర్ వంక చూస్తూ గడిపాను. ఏం జరగలేదు. డాక్టరమ్మకి చెబితే, భయంలో అలా అనిపిస్తుందమ్మా, సగం మాత్ర సగం కల అంది. అయ్యుండొచ్చు. దేవుడి దయవల్ల అదే అయ్యుండాలి. కానీ కలలో గోరు అంత గట్టిగా తగులుతుందా? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

అందుకేనర్రా హాజరు. మీ మీద ఒట్టు వెయ్యనిది అందుకే. భయపెట్టాలని కాదు. అడిగారు కాబట్టి చెప్పాను.

శ్రావ్యా... కళ్లు తుడుచుకో, పిచ్చిపిల్లా. కార్తీక్, లైటు వెయ్యి నాన్నా. ఫోన్ కొంచెం పక్కకి తిప్పు... ఇంకొంచెం.

చిన్ని ఏదీ? ఇప్పటిదాకా మీ మధ్యలోనే కూర్చుందిగా. తలుపు చప్పుడు కూడా కాలేదు...

నాకు ఇద్దరే కనబడుతున్నారు.