బాపు మెడలో తాళంచెవి

ఎనభైల్లో, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, మా అన్న ఒక రేకు పెట్టె తయారు చేసి వర్ధన్నపేట దగ్గరి మా వ్యవసాయ బావికి పట్టుకొచ్చాడు. లోపల అరచేయంత కంప్యూటర్ ఉందట. తొట్టిలో నీళ్లు తగ్గితే అదే చూసుకుని మోటరు వేస్తుంది, నిండితే ఆపేస్తుంది. మా నాయన, బాపు, ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పరకాల నుంచి చుట్టాలొస్తే మంచినీళ్లన్నా ఇవ్వకముందే బావి కాడికి తోలుకుపోయేవాడు.

అయితే అన్న ఆ పెట్టె పక్కనే ఒక తాళం కూడా బిగించాడు. తాళంచెవి తిప్పి బయటికి తీస్తే, పెట్టె ఏం చెప్పినా సరే, మోటరుకు కరెంటు అందదు. ఉన్నది ఒకటే తాళంచెవి. బావిలోకి ఎవరు దిగినా దాన్ని మెడలో వేసుకునే దిగాలని పట్టుబట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "కంప్యూటర్ తెచ్చి తాళమేస్తవేందన్నా? నువ్వు జేసిందాన్ని నువ్వే నమ్మవా?"

"నమ్ముత చెల్లె. గని బాపు పానం దాని చేతుల పెట్ట."

బాపు మూతి ముడిచాడు. "పెట్టెకు ఆపే బటన్ ఉండంగ మెడల ఈ గంటేంది? నేనేమన్న బర్రెనారా?"

ఒకరోజు పంపు కారుతోంది. మా మోటరూ పంపూ బావి లోపలి గద్దె మీద ఉండేవి. అప్పుడు కరెంటు ఉంది. బాపు ఆపే బటన్ నొక్కి, గొణుక్కుంటూనే తాళంచెవి తిప్పి తీసి మెడలో వేసుకుని దిగాడు. నేను పైన పెట్టె దగ్గర నిలబడ్డాను. కాసేపటికి కరెంటు పోయింది, మళ్లీ వచ్చింది. పెట్టె టక్‌మంది. ఎర్రదీపం వెలిగింది. ఓరి దేవుడా, మోటరు వేయమని హుకుం ఇచ్చేసింది! కింద బాపు రెండు చేతులూ పంపు ఇరుసు మీదే ఉన్నాయి.

"బాపూ, చేతులు తియ్!"

మోటరు కదల్లేదు. బాపు తలెత్తి, "ఏమైందే, గట్ల ఒర్లుతానవ్?" అన్నాడు. నేను ఆయన మెడలోని తాళంచెవి కేసి వేలు చూపించాను.

ఆదివారం అన్న వచ్చి పెట్టె విప్పాడు. కరెంటు పోయి రాగానే, బాపు బటన్ నొక్కిన సంగతే అది మరిచిపోయిందట. అన్న ముఖం తెల్లబోయింది. "గిసొంటిదేదో అయితదనుకున్న. ఏదయితదో తెల్వలే," అంటూ పెట్టెను గోడ నుంచి ఊడదీయసాగాడు. ఎంత తెలివుంటే, తన చేతిపనిలోనే తప్పుంటుందని ముందే ఒప్పుకుంటాడు మనిషి! వాడికి దండం పెట్టాలనిపించింది.

బాపు వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్ బిడ్డా. మతిమరుపుదే గని, నా జోలికి రాలే గద. బాగు జేసి బిగియ్."

"జేస్త. నువ్వు తాళంచెవి మాత్రం మరువకు బాపూ."

"ఎట్ల మరుస్తరా?" అంటూ బాపు దాన్ని అంగీ లోపలికి దోపుకున్నాడు. నేను ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. పదికి పదీ ఉన్నాయి.