చెప్పులు కుట్టే వాల్దెమార్‌కు పేగు పరీక్ష

మా దురాస్నో ఊళ్ళో చెప్పులు కుట్టే వాల్దెమార్‌ను చంకలో ఫ్లాస్కు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. చంకలో వేడినీళ్ళు, చేతిలో టీ ఆకులాంటి మాటే ఆకు నింపిన సొరబుర్ర, అందులో పీల్చుకునే వెండి గొట్టం. ఇక్కడ అందరం మాటే తాగేవాళ్ళమే. కానీ పెదవికి ఒక మూల ఆ గొట్టం, ఇంకో మూల మేకులు పెట్టుకుని బూటు మడమ బిగించగలిగినవాడు ఆయనొక్కడే.

అరవై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి. అన్న ఒమర్ పెద్దపేగు క్యాన్సర్‌తో పోయి ఏడాదిన్నర అయింది. అన్నకు వచ్చింది కాబట్టి నువ్వూ కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టరు చెబితే, మూడు తేదీలు తీసుకుని మూడూ ఎగ్గొట్టాడు. నాలుగో తేదీ కాగితం పట్టుకుని ఎదురింట్లో ఉన్న నా దగ్గరికి వచ్చాడు. మత్తు ఇస్తారు కనుక తోడు మనిషి లేనిదే చెయ్యరని అందులో రాసి ఉంది.

"టీచరమ్మా, గురువారం మీకేమైనా పనుందా? ఉంటే మానేద్దాంలెండి."

"రిటైరైనదాన్ని, నాకేం పని? నా పుస్తకమేదో అక్కడ చదువుకుంటాను. ఆ కాగితం ఇటివ్వండి."

మూడు రోజుల ముందు నుంచే గింజలు, తొక్కలు, ఆకుకూరలు మానిపించాను. ముందురోజు గట్టి పదార్థమే లేదు: వడగట్టిన కోడి పులుసు నీళ్ళు, ఆపిల్ రసం, పసుపు జెల్లీ. ఎర్ర జెల్లీ మాత్రం పనికిరాదు, లోపల చూస్తే రక్తమని భ్రమ పడతారట. సాయంత్రం నుంచి పొడిమందు కలిపిన నీళ్ళు పావుగంటకో గ్లాసు చొప్పున రెండు లీటర్లు, తెల్లవారుజామున ఇంకో రెండు. బాగా చల్లార్చి నిమ్మకాయ పిండితే దిగుతుందని చెప్పాను. ఆయన ఒక గుక్క తాగి, "బూటు నానబెట్టిన నీళ్ళు ఇంతకంటే నయం" అన్నాడు.

నేను మా కిటికీలోంచి కేకేసేదాన్ని. "ఎన్నో గ్లాసు?"

"ఐదు! ఇంక పిలవకండి, పలకడానికి నేను తీరిగ్గా లేను!"

పొద్దున్నకల్లా పసుపుపచ్చని నీళ్ళు తప్ప ఏమీ రావడం లేదన్నాడు. పేగు శుభ్రపడిందనడానికి అదే గుర్తు. ఇక అక్కడినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.

ఎనిమిదింటికి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. నేను పుస్తకం తెరిచాను. నర్సు గ్రిసెల్డా కాగితాల అట్టతో వచ్చింది.

"పెద్దాయనా, పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా?"

"లేదమ్మా."

"తాగావా?"

"చుక్క కూడా లేదు." వెండి గొట్టం నోట్లోంచి తీయకుండానే చెప్పాడు.

"మరి చేతిలో ఉన్నదేంటి?"

ఆయన చేతికేసి తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. "ఇదా? మాటే కదా!"

పక్కనే ఉన్న నేనూ గమనించలేదు. ఎదుటి మనిషి ఊపిరి పీల్చడాన్ని ఎవరైనా గమనిస్తారా?

"కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఇవాళ కుదరదు. వచ్చే నెల రా."

వాల్దెమార్ లేచి టోపీ పెట్టుకున్నాడు. ఆ ముఖంలో బడి సెలవిచ్చిన పిల్లవాడి వెలుగు. అది చూసి భయం వేసింది నాకు. వచ్చే నెల ఈయన రాడు.

"అమ్మాయ్, చివర్లో పెట్టలేవా? అన్న పోయింది దీనితోనే" అన్నాను.

గ్రిసెల్డా ఆలోచించింది. డాక్టరుతో మాట్లాడి వచ్చింది. "మూడింటికి. కానీ ఆ ఫ్లాస్కూ, బుర్రా నాకిచ్చెయ్యాలి." తీసుకెళ్ళి బల్లకింద తన ఫ్లాస్కు పక్కన పెట్టింది.

వాల్దెమార్ కూలబడ్డాడు. ఖాళీ చెయ్యి ఇంకా బుర్రను పట్టుకున్నట్టే వంగి ఉంది. నేను పేజీ తిప్పకుండా కూర్చున్నాను.

"ఒమర్‌కి కూడా తోడు కావాల్సొచ్చింది టీచరమ్మా," అన్నాడు చివరికి. "నన్నే అడిగాడు. ఈస్టర్ వారం, గుర్రాల పోటీలు. కొట్టు నిండా రౌతుల బూట్లు. వచ్చేవారం పోదాంలే అన్నాను. అన్న మళ్ళీ అడగలేదు, నేనూ మర్చిపోయా. అన్న చేయించుకోనిది నేనెలా చేయించుకోను?"

"నేను మాత్రం వచ్చానుగా" అన్నాను.

మూడింటికి లోపలికి తీసుకెళ్ళారు. మూడున్నర దాటాక నన్ను పిలిచారు. కళ్ళు తెరిచి, "ఇంకా మొదలెట్టలేదా?" అన్నాడు.

"అయిపోయింది. రెండు చిన్న బుడిపెలు కనిపిస్తే తీసేశారు. పరీక్షకు పంపారు, పది రోజుల్లో చెబుతారు."

లోపల గాలి నింపి చూస్తారు కాబట్టి పొట్ట ఉబ్బి ఉంది. గాలి పోయినప్పుడల్లా ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు.

"సిగ్గుపడకు పెద్దాయనా, అది పోతేనే మంచిది," అంది గ్రిసెల్డా. "రేపటిదాకా బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు, సూది సుత్తి ముట్టుకోవద్దు. ఒకటి రెండుసార్లు కాస్త రక్తపు చారిక కనిపిస్తే కంగారు లేదు. రక్తం ఎక్కువ పడ్డా, జ్వరమొచ్చినా, కడుపునొప్పి తగ్గకపోయినా వెంటనే వచ్చెయ్."

"మాటే?"

"ముందు సూప్ తాగు. తర్వాత గోరువెచ్చగా!"

ఇంటికి వెళ్ళి సూప్ తాగాక ఆయన కొత్త ఆకు పోసి మాటే కలిపాడు. ఒకే బుర్రలో మళ్ళీ మళ్ళీ వేడినీళ్ళు పోసుకుని వంతులవారీగా తాగుతాం. మొదటిది చేదుగా ఉంటుంది, అది కలిపినవాడే తాగాలి. తాగి, రెండోది నింపి, కాసేపు అలాగే పట్టుకుని, నాకు అందించాడు. ఆ రెండోది రోజూ ఒమర్ వంతుకు నింపి తనే తాగేవాడని అప్పుడు చెప్పాడు.

ఆ పది రోజులు మేమిద్దరం పరీక్ష మాట ఎత్తలేదు. బుడిపెల్లో క్యాన్సర్ లేదని, మూడేళ్ళకు మళ్ళీ రమ్మని కబురొచ్చింది.

ఇప్పుడు వీధిలో ఎవరికి ఆసుపత్రి తేదీ వచ్చినా, తోడెవరని ఆయన ముందుగా అడుగుతాడు. పోయిన ఈస్టర్ వారంలో నా బూటు తెచ్చుకుందామని వెళ్తే, కొట్టు మూసి ఉంది. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: "రొట్టెల కొట్టు రొసౌరాకు తోడు వెళ్ళాను. బూట్లు రేపు."