అమ్మ మాట వినపడని బాపు

మా చిన్నప్పుడు మా గల్లీ మగవాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతనయ్యేది కాదు... జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్లే అన్నీ. పొద్దంతా మిషన్ల మోతలో అరిచి అరిచి, ఇంటికొచ్చాక కూడా అదే గొంతుతో "ఉప్పు ఇయ్యే" అనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు కొట్లాట అనుకుని చెప్పులు వెతుక్కునేవారు.

మా బాపు అక్కడ ఫిట్టర్. తిరుగుతున్న మిషన్‌కు, బేరింగ్ ఉన్నచోట పొడుగాటి పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, మొన ఆనించి, దాని పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి కళ్లు మూసుకునేవాడు. లోపల బేరింగ్ అరుగుతుంటే ఆ గరగర ఇనుము గుండా ఎముకలోకి వచ్చేదట. "ఇది మార్చాలె, లేకుంటే ఇరుగుతది" అని చెప్పేవాడు. మిషన్ విరగకముందే చెప్పడం... అదీ ఆయన పని.

నేను ఊరుకుంటానా? ఆదివారం బాపు సంచిలోంచి ఆ పేచ్‌కస్ లాగి, పడుకున్న అవ్వ వీపుకు ఆనించేవాడిని.

"అవ్వా... నీ బేరింగ్ పోయింది. గ్రీజు పెట్టుడు గూడ దండగే!"

"నీ నోట్లె పొయ్య గ్రీజు! నీ అయ్యను గన్న నడుము రా ఇది, ఇంకా గట్టిగనే ఉన్నది" అంటూ అవ్వ చేతికందిన చెంబు విసిరేది.

ఒక వానాకాలం అమ్మ వాళ్ల చెల్లెలి కాన్పుకని న్యాల్‌కల్ దిక్కు పుట్టింటికి పోయింది. చెప్పినదానికంటే ఎక్కువ రోజులే ఉండి వచ్చింది. వచ్చాక చూస్తే బాపు సరిగా పలకడం లేదు. వంటింట్లోంచి "ఏమయ్యా, ఇంకో రొట్టె ఎయ్యాల్నా?" అంటే జవాబుండదు. మళ్లీ అడిగినా గోడవైపు చూస్తూ కూర్చునేవాడు.

"నేనేమన్న అలిగి పోయిన్నా అత్తమ్మా? కాన్పుకు పోయిన గద. గింత పగనా?" అని అమ్మ అవ్వ దగ్గర కళ్లొత్తుకునేది.

"వాడు పుట్టుడే మొండోడు పుట్టిండు. జర ఇడిచిపెట్టు, వాడే దారికొస్తడు" అని అవ్వ సలహా.

అమ్మ మొదట తిండితో రాజీకి చూసింది. ఆయనకు ఇష్టమైన పుండికూర, ఎల్లిగడ్డ కారం, వేడి జొన్నరొట్టె మీద వెన్న... పొయ్యి వైపు తిరిగి "ఎట్లున్నది?" అని అడిగేది. బాపు తల వంచుకుని తినేసి లేచేవాడు. మా గల్లీలో పిలిస్తే పలకని మగాడంటే కోపంలో ఉన్నాడనే లెక్క. చెవి సంగతేమో అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

చివరికి అమ్మ మాట్లాడటమే మానేసింది. మా నోళ్లు కూడా మూయించింది. "బాపు కోపంల ఉన్నడు, సప్పుడు చేయకున్రి" అని. నేను నా కోతివేషాలన్నీ బయటే ముగించుకుని లోపలికొచ్చేవాడిని. అమ్మ బాపు ముందు పళ్లెం కూడా చప్పుడు కాకుండా పెట్టి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయేది. అంత మోత గల్లీలో మా ఒక్క ఇల్లే మూగదైపోయింది...

ఒక సాయంత్రం, బాపుతో పనిచేసే లేత్ టర్నర్ రహీం చాచా వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి నేరుగా అమ్మ దగ్గరికే.

"భాభీ, మాణిక్ భాయ్‌కి ఏమైంది? మిషన్ పని ఇడిచిపెడ్తనని సాబ్ కాడ చెప్పిండట. స్టోర్ల కూసోని నట్లు బోల్టులు ఇస్తడట! నేను అడిగితే మొకం తిప్పుకుండు. నీకేమన్న చెప్పిండా?"

అన్నాళ్లు అమ్మ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. బాపు ఎదురుగా పోయి నిలబడి, గల్లీ అంతా వినేలా అరిచింది.

"నా మీద కోపం పని మీద తీస్తవా? ఇంత పగ ఏందయ్యా నీకు?"

బాపు ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇనపడ్డది..." అన్నాడు. "సంగమ్మా, నీ గొంతు ఇనపడ్డది."

చాలా రోజులుగా వినికిడి తగ్గుతోందట. ఎవరికీ చెప్పలేదు.

"మిషన్ కాడ నిజంగనే ఇనపడ్తున్నదో, అలవాటుకు అట్లనిపిస్తున్నదో తెలుస్తలేకుండె. ఇంట్ల నీ మాట జరంత ఇనపడ్తుండె... అది ఉన్నన్ని దినాలు ఫికర్ లేదనుకున్న. ఇప్పుడు అది గూడ బందయింది. ఇగ నా చెవి అయిపోయిందనుకున్న. ఇనరాని చెవితోని బేరింగ్ మంచిగుందని చెప్తే, ఆడ నిలబడ్డోని చెయ్యి పోతది గదనే."

అమ్మ ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

"నేను మాట్లాడితే గద నీకు ఇనపడేది..."

రహీం చాచా తల వంచుకుని సైకిల్ తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ బతిమాలింది, సాబ్‌కు చెప్పి మళ్లీ మిషన్ మీదికి పొమ్మని. బాపు నవ్వాడు. "నువ్వు ఒర్లితే ఇనపడ్డది. బేరింగ్ ఒర్లదు సంగమ్మా." ఇంకా ఎన్నాళ్లు ఆ పని చేయగలిగేవాడో... మాకెవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు. స్టోర్‌లోనే రిటైరయ్యాడు.

ఆ తర్వాత అమ్మ నోరు మూసిన రోజు లేదు. బాపు గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని మరీ చెప్పేది... పాలవాడి మోసం, పక్కింటి కోడి, రాత్రి వచ్చిన కల. బాపు పోయాక కూడా ఆ గొంతు తగ్గలేదు. మా ఇంటావిడ "అత్తమ్మా, మా చెవులు మంచిగనే ఉన్నయి" అని మొత్తుకునేది. ఇప్పుడు అమ్మా లేదు.

ఈ మధ్య ఫ్యాక్టరీల్లో చెవులకు మూతలు ఇస్తున్నారు. బేరింగ్ సంగతి మిషన్‌కు తగిలించిన చిన్న డబ్బానే చెబుతుందట. మంచిదే... ఆ బుద్ధి ముందే ఉంటే బాపు చెవులు మిగిలేవి.

ఎవరి గొంతు ఆగితే మీ ఇల్లు ఇల్లులా అనిపించేది కాదో కింద రాయండి. మా ఇంట్లోనైతే ఇప్పుడు సాయంత్రాలు ఎవరూ ఎవరితో మాట్లాడుకోరు... బాపులా తన చెవి పోయిందేమోనని భయపడేవాళ్లూ లేరు.